రీహాబ్ సెంటర్ ఎలాంటిదో మంచం దగ్గర తెలుస్తుంది

పక్షవాతం వచ్చిన మనిషినో, తుంటి ఎముక ఆపరేషన్ అయిన పెద్దావిడనో "రేపు డిశ్చార్జ్, రీహాబ్ చూసుకోండి" అని ఆస్పత్రివాళ్లు చెప్పాక చేతిలో ఒక్క రోజే ఉంటుంది. ఆ హడావుడిలో చాలామంది ఫొటోలు, ఫోన్‌లో మాటలు నమ్మి చేర్చేస్తారు. సెంటర్‌వాళ్లు చూపించేది రిసెప్షన్, జిమ్, కొత్త మెషీన్లు. మీరు చూడాల్సింది మాట్లాడలేని, తనంతట తాను పక్కకి తిరగలేని రోగి మంచం. నడిచి వచ్చి ఫిర్యాదు చేయగల రోగిని ఎవరైనా బాగానే చూస్తారు.

మొదటిసారి చెప్పి వెళ్లండి, రెండోసారి చెప్పకుండా. పొద్దున పదకొండుకి స్నానాలు అయిపోయి అంతా శుభ్రంగా ఉంటుంది, ఆ టైమ్‌లో తెలిసేది తక్కువ. ఆదివారం సాయంత్రం గానీ, రాత్రి తొమ్మిది దాటాక గానీ వెళ్లండి. హైదరాబాద్‌లో ఒక చివర ఉప్పల్‌లో ఉంటూ ఇంకో చివర కొండాపూర్‌లో చేర్చితే వారానికొకసారి వెళ్లడమే గగనం. ఇంటికి దగ్గరగా ఉండడాన్ని నాణ్యతలో భాగంగానే లెక్కేయండి.

మొదటి ప్రశ్న: ఈ ఫ్లోర్‌లో రాత్రిపూట సిస్టర్లు ఎంతమంది, ఆయాలు ఎంతమంది, మంచం మీదే ఉండే రోగులు ఎంతమంది? లెక్క మీరే వేసుకోండి. ఒత్తిడికి పుండ్లు (బెడ్‌సోర్లు) పడకుండా కదలలేని రోగిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పడం, డైపర్ చూడడం కలిపి ఒక్కొక్కరికి ఇద్దరు మనుషులు, పది నిమిషాలు. పదిమంది రోగులంటే 100 నిమిషాలు, అంటే రెండు గంటల్లో మిగిలేది 20 నిమిషాలే. ఒక్క ఆయాతో నడిపిస్తున్నామని చెబితే రాత్రి తిప్పడం లేదనే అర్థం. సిస్టర్ జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) గానీ, బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. యూనిఫామ్ చూసి పొరబడకండి, అడగండి.

తిప్పే చార్ట్ చూపించమనండి. చార్ట్‌లో "కుడి పక్క" అని ఉండి మనిషి వెల్లకిలా ఉన్నా, ఇంకా రాని గంటకి ముందే టిక్ పెట్టేసి ఉన్నా, పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే పెన్నుతో ఒకే చేతిరాత ఉన్నా అది కూర్చుని నింపిన చార్ట్. మీ మనిషి చేరాక మడమలు, నడుం కింది భాగం, తుంటి పక్కలు, తల వెనుక రోజూ చూడండి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలాక కూడా ఎరుపు అలాగే ఉంటే బెడ్‌సోర్ మొదలైనట్టే. నలుపు చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు. ఆ చోటు చుట్టుపక్కల కన్నా వేడిగా, గట్టిగా ఉందా అని తాకి చూడాలి.

"ఎయిర్ బెడ్ వేశాం, తిప్పక్కర్లేదు" అంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఆ పరుపు ఉన్నా రోగిని తిప్పాల్సిందే. దానికి గాలి పెట్టే పంపు మీద బరువు సెట్టింగ్ రోగి బరువుకి తగ్గట్టు ఉండాలి. నడుం కింద, పరుపు అడుగున అరచెయ్యి పెడితే శరీరానికీ చేతికీ మధ్య కనీసం అంగుళం గాలి తగలాలి. పరుపు మీద మందపాటి దుప్పట్లు పరిస్తే దాని పని పోతుంది. కరెంట్ పోతే ఆ పంపు జనరేటర్ మీద నడుస్తుందా అనీ అడగండి.

చేర్చిన రోజే మడమలు, వీపు ఫొటోలు తీసి, ఒంటి మీద ఉన్న పుండ్లన్నీ అడ్మిషన్ కాగితంలో రాయించండి. లేకపోతే తర్వాత "వచ్చేటప్పుడే ఉంది" అంటారు.

ఇక ట్యూబులు. ముక్కు గొట్టంతో తిండి పెట్టేటప్పుడు మంచం తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు లేచి ఉండాలి, తర్వాత అరగంట నుంచి గంట దాకా అలాగే ఉంచాలి. పెట్టే ముందు గొట్టం జారిందా అని ముక్కు దగ్గరి గుర్తు చూడాలి. జావ సిరంజిలోంచి దానంతట అది దిగాలి, పిస్టన్‌తో తోసేయకూడదు. తొందరపడితే తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. మూత్రం బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. వీల్‌చైర్‌లోకి మార్చేటప్పుడు బ్యాగ్‌ని ఒళ్లో పెట్టేయడం మామూలు తప్పు. మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. గొంతులో ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం గొంతుకి రంధ్రం చేసి పెట్టిన ట్యూబ్) ఉంటే మంచం పక్కనే కఫం లాగే సక్షన్ మెషీన్, అదే సైజు ట్యూబ్ ఒకటి, దానికన్నా చిన్నది ఒకటి ఉండాలి.

సాయంత్రం అయిదుకి వెళ్తే వార్డంతా గాఢ నిద్రలో ఉందా? మత్తు మందులు ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడగండి. గొట్టం లాగేస్తున్నారని చేతులు మంచానికి కట్టేసే చోట, దానికి డాక్టర్ రాతపూర్వక ఆర్డర్, ఎంతసేపటికోసారి విప్పి చూస్తారో చూపాలి. చేతికి గ్లవ్ తొడగడం లాంటి దారులు ప్రయత్నించారా అన్నదీ అడగాల్సిందే.

ఫిజియో విషయంలో గంటలు కాదు, విడిగా ఒక్క రోగితో గడిపే నిమిషాలు అడగండి. ప్యాడ్లు అంటించి కరెంట్ పెట్టి వెళ్లిపోయే ఇరవై నిమిషాలు సెషన్ కాదు. లక్ష్యం రాసి ఉండాలి: "రెండు వారాల్లో ఒకరి సాయంతో మంచం నుంచి కుర్చీలోకి" అన్నంత స్పష్టంగా. చేరిన రోజు బార్తెల్ స్కోర్ (తినడం, నడవడం లాంటి రోజువారీ పనులు తనంతట తాను ఎంత చేసుకోగలరో చెప్పే లెక్క) 100కి ఎంతో రాయించి, రెండు వారాలకోసారి మళ్లీ వేయించండి. వీటన్నిటికన్నా నమ్మదగ్గ పరీక్ష ఒకటుంది: పక్షవాతం మనిషిని ఆయా ఎలా లేపుతుందో చూడండి. పడిపోయిన చెయ్యి పట్టుకు లాగితే భుజం కీలు జారి, నెలల తరబడి నొప్పి మిగులుతుంది. ఆ ఒక్క కదలికలో అక్కడి శిక్షణ అంతా బయటపడుతుంది.

తిండి విషయం చిన్నదే: మింగడం ఎలా ఉందో స్పీచ్ థెరపిస్ట్ చూశాకే నోటితో మొదలెట్టాలి, నెలనెలా బరువు చూడాలి. నెలలో 5 శాతం పైన తగ్గితే కారణం చెప్పించండి.

కాగితాల్లో జిల్లా వైద్యాధికారి దగ్గరి రిజిస్ట్రేషన్ చూడండి. ఇంటిని మార్చి నడిపే సెంటరైతే లిఫ్ట్‌లో స్ట్రెచర్ పడుతుందా అన్నది మీరే చూసుకోండి. రాత్రి రెండింటికి ఆయాసం వస్తే ఏ డాక్టర్ వస్తాడు, ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు అన్నదానికి తడుముకోకుండా జవాబు రావాలి. డైపర్లు, గ్లవ్స్, ట్యూబులు ప్యాకేజీలో ఉన్నాయా లేవా, మధ్యలో వెళ్లిపోతే అడ్వాన్స్ ఎంత వెనక్కిస్తారు అన్నది రాయించుకోండి. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకునే ముందు పాలసీలో "రెస్ట్ క్యూర్, రీహాబిలిటేషన్" మినహాయింపు, అంటే వీటి ఖర్చు ఇవ్వమనే షరతు, ఉందేమో చూడండి. చాలా పాలసీల్లో అది ఉంటుంది.

లోపం కనిపిస్తే ముందు తేదీ వేసి రాతలో ఇవ్వండి, ఫొటో జతచేయండి. పెద్దవాళ్లను నిర్లక్ష్యం చేస్తున్నారనిపిస్తే 14567 ఎల్డర్‌లైన్‌కి ఫోన్ చేయవచ్చు. వేరే చోటికి మార్చేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీతో పాటు మందుల చార్ట్ కాపీ కూడా అడిగి తీసుకోండి. కొత్త చోట మొదటి రాత్రి డోసులు తారుమారయ్యేది అది లేకే.