టెక్స్ట్ చదివించే ఉచిత సాఫ్ట్‌వేర్: మాట రాకపోయినా, తప్పుగా వచ్చినా ఏం చూడాలి

రాసినదాన్ని చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. కంప్యూటర్‌లో ఈస్పీక్ ఎన్‌జీ, బలబోల్కా, ఫోన్‌లో గూగుల్ స్పీచ్ సర్వీసెస్ లాంటివి. ఇవి మొరాయిస్తే చాలామంది వెంటనే దాన్ని తీసేసి ఇంకోటి వేసుకుంటారు. ఆ కొత్తదీ అలాగే చదువుతుంది. ఎందుకంటే లోపం ఎక్కువసార్లు సాఫ్ట్‌వేర్‌లో ఉండదు. మనం ఎంచుకున్న గొంతులోనో, మనం ఇచ్చిన టెక్స్ట్‌లోనో ఉంటుంది.

అందుకే ముందు ఒక చిన్న పరీక్ష. "ఈ రోజు వాన పడుతోంది" అని మీరే టైప్ చేసి చదివించండి. అది సరిగ్గా వినిపిస్తే గొంతు బాగానే ఉంది, చూడాల్సింది మీ ఫైల్. అదీ రాకపోతే కింద మొదటి సమస్య మీదే.

ఇంగ్లిష్ చదువుతోంది, తెలుగు దగ్గర నోరు మెదపదు

ప్రోగ్రామ్ వేరు, గొంతు వేరు. బలబోల్కాకు సొంత గొంతు లేదు, విండోస్‌లో ఉన్న గొంతులనే వాడుకుంటుంది. అక్కడ ఇంగ్లిష్ గొంతు ఒక్కటే ఉంటే తెలుగు అక్షరాలను వదిలేస్తుంది. ఈస్పీక్ ఎన్‌జీ ఇన్‌స్టాల్ చేసుకుంటే అందులో తెలుగు ఉంటుంది. గొంతుల జాబితాలో దాన్ని ఎంచుకోవడం మాత్రం మర్చిపోవద్దు. ఇన్‌స్టాల్ చేసినా జాబితాలో కనిపించకపోతే బిట్‌ల తేడా చూడండి: 64 బిట్‌కే ఉన్న గొంతు 32 బిట్ ప్రోగ్రామ్‌కు కనిపించదు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో "టెక్స్ట్ టు స్పీచ్" అని వెతికి, ఇంజిన్ పక్కనున్న గేర్ గుర్తు నొక్కి, తెలుగు వాయిస్ డేటా డౌన్‌లోడ్ చేయండి.

అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు చదువుతోంది

ఫైల్ పాత డీటీపీ (పుస్తకాలు, పత్రికలు కంపోజ్ చేసే) ఫాంట్‌లో ఉంది. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణం. అందులో తెలుగుకు 128 స్థానాలు విడిగా కేటాయించారు. పాత ఫాంట్లు వాటిని వాడవు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల మీదే తెలుగు బొమ్మలు అతికిస్తాయి. మన కంటికి తెలుగే, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం గజిబిజి. ఆ టెక్స్ట్‌ను నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే అసలు రూపం బయటపడుతుంది. యూనికోడ్ కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులున్న మాటలను ఒకసారి కళ్లతో సరిచూసుకోండి. ఎక్కువ తప్పులు అక్కడే దొర్లుతాయి.

అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తుంటే కథ వేరు. ఫైల్‌ను తెలుగుకు చోటులేని ఏఎన్ఎస్ఐ అనే పాత పద్ధతిలో సేవ్ చేశారు, తెలుగు అందులోంచి పోయింది. అసలు ప్రతి నుంచి మళ్లీ కాపీ చేసి, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 (యూనికోడ్ పద్ధతి) ఎంచుకోవడమే దారి.

నాలుగు మాటలకోసారి ఆగుతోంది

దీంతో నేను చాలా ఇబ్బంది పడ్డాను. చూపు మందగించిన మా నాన్నగారికి ఒక పుస్తకం మొత్తం ఆడియో చేసిచ్చాను. పది నిమిషాలు విని, "ఏంట్రా, మాటమాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు" అన్నారు. పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు ప్రతి లైను చివరా ఒక ఎంటర్ వచ్చి కూర్చుంటుంది. దాన్ని చూసి వాక్యం అయిపోయిందనుకుని గొంతు ఆగుతుంది. పేజీ నంబర్లు కూడా మధ్యలో దూరతాయి: "అతను తలుపు తీసి 47 బయటికి చూశాడు."

మందు ఫైండ్ అండ్ రీప్లేస్. వరుసగా రెండు ఎంటర్‌లున్న చోట ముందుగా ## పెట్టండి, అవి అసలైన పేరాలు. తర్వాత మిగిలిన ఒంటరి ఎంటర్‌లన్నిటినీ స్పేస్‌గా మార్చండి. చివరగా ## ఉన్న చోటల్లా తిరిగి ఎంటర్ పెట్టండి. ఈ వరుస తప్పితే పుస్తకమంతా ఒకే పేరా అయిపోతుంది. పేజీ నంబర్లను మాత్రం చేత్తోనే తీయండి. గుడ్డిగా అంకెలన్నీ చెరిపేస్తే కథలోని సంవత్సరాలు కూడా పోతాయి.

అసలు పీడీఎఫ్‌లో ఒక్క మాట కూడా సెలెక్ట్ కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఉచిత సాఫ్ట్‌వేర్ టెసరాక్ట్‌కు తెలుగు చదవడం వచ్చు, ముందు దానితో టెక్స్ట్‌గా మార్చాలి.

పొట్టి రూపాలు, తేదీలు తప్పుగా పలుకుతోంది

"కి.మీ."లో చుక్కను ఫుల్‌స్టాప్ అనుకుంటుంది. "కిలోమీటర్లు" అని పూర్తిగా రాయండి. 12-5-2024ను "2024 మే 12" చేయండి. బలబోల్కాలో ఉచ్చారణ డిక్షనరీ ఉంది, ఒకసారి చేర్చితే ప్రతి ఫైల్‌కూ పనికొస్తుంది.

గొంతు మరీ యంత్రంలా ఉంది

ఈస్పీక్ ఎన్‌జీ మనిషి గొంతు రికార్డింగ్‌లను అతికించదు, శబ్దాన్ని లెక్కలతో పుట్టిస్తుంది. అందుకే చాలా చిన్నది, చాలా వేగమైనది. చూపులేనివాళ్లకు తెర మీదిది చదివి వినిపించే ఎన్‌విడిఎ స్క్రీన్ రీడర్‌తో పాటే వస్తుంది. గొంతు కరుకుగా ఉన్నా, వేగం పెంచి వినేవాళ్లకు అది హాయిగానే ఉంటుందని నా అభిప్రాయం. మామూలుగా వినేవాళ్ల కోసమైతే నిమిషానికి 175 మాటలున్న వేగాన్ని 140కి తగ్గించి చూడండి. సహజమైన గొంతే కావాలంటే ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ పరిశోధకుల ఇండిక్ టీటీఎస్‌లో తెలుగు ఉంది, కానీ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో కాస్త కుస్తీ పట్టాలి.

ఆడియో ఫైల్ మరీ పెద్దదైంది

అది వేవ్ ఫైల్, అంటే కుదించని ఆడియో. ఈస్పీక్ ఎన్‌జీ ఇచ్చే వేవ్ గంటకు దాదాపు 159 ఎంబీ అవుతుంది. ఉచిత ఆడియో ఎడిటర్ ఆడాసిటీలో తెరిచి 64 కేబీపీఎస్ ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేస్తే అదే గంట 29 ఎంబీకి దిగుతుంది. మాటలకు ఆ నాణ్యత చాలు.