గడ్డ పేరు తేలేదాకా తొందరపడొద్దు: పొట్ట, పేగు అరుదు ట్యూమర్ల రిపోర్ట్ దాకా ఎట్లా పోవాలి

కర్నూల్లో ఒక చిన్న ప్రైవేట్ ల్యాబ్‌లో బయాప్సీ ముక్కలు కోసి స్లైడ్లు చేసే పని నాది, డాక్టర్ని కాదు, ముందే చెప్పేస్తున్నా. కానీ మైక్రోస్కోప్ కిందికి పోయే ప్రతి ముక్కా ముందు మా చేతుల్లోంచే పోతుంది కాబట్టి యాడ పని చెడిపోతుందో మాకు బాగా తెలుసు. రిపోర్ట్ కోసం వచ్చినోళ్ళు కౌంటర్ కాడ నిలబడి "అన్నా, క్యాన్సరా కాదా, అదొక్కటి చెప్పు చాలు" అంటారు. మామూలు పెద్దపేగు క్యాన్సర్ అయితే ఆ మాట చెప్పడం పెద్ద కష్టం కాదు, మా పాథాలజిస్ట్ మేడం (అంటే స్లైడ్ చూసి జబ్బు తేల్చే డాక్టర్) చూసి రాసేస్తారు. ఈ జిస్ట్ (జీర్ణాశయం, పేగు గోడలో పుట్టే గడ్డ), న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ (హార్మోన్లు వదిలే కణాల గడ్డ), ష్వానోమా (నరం గడ్డ), లింఫోమా (ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్) లాంటివి వచ్చినప్పుడే తిప్పలు. వీటిల్లో అవునా కాదా అనే ప్రశ్నకి అర్థం లేదు, ఏ రకం, ఏ గ్రేడ్, యాడ పుట్టింది, ఎంత సైజు, ఇవన్నీ తేలితే గానీ మందు తేలదు.

మొదట ఎండోస్కోపీ సంగతి. డోన్ దగ్గర పల్లె నుంచి ఒకాయన వచ్చినాడు, అరవై దాటినాయి, విరేచనం నల్లగా తారు మాదిరి పోతాంది, హిమోగ్లోబిన్ ఆరుకి పడింది, పైల్స్ అనుకుని నాలుగు నెలలు నాటు మందు తిన్నాడంట. ఎండోస్కోపీలో జీర్ణాశయం గోడ ఒక చోట ఉబ్బి కనపడింది, ముక్క తీసి పంపితే రిపోర్ట్ "నార్మల్ గ్యాస్ట్రిక్ మ్యూకోసా", అంటే జీర్ణాశయం పై పొర మామూలుగానే ఉంది, అని వచ్చింది, ఇంట్లో వాళ్ళు ఏమీ లేదంట అని సంబరపడి స్వీట్లు కూడా పంచినారు. రిపోర్ట్ తప్పేం కాదు. జిస్ట్ అనేది ఆ మ్యూకోసా పొరలో పుట్టదు, గోడలోని కండరం పొరలో పుడుతుంది, పైన పొర మామూలుగానే ఉంటుంది, ఎండోస్కోపీ ఫోర్సెప్స్ గిల్లేది ఆ పై పొరనే. గోడకి సున్నం గీకి లోపల ఇటుక యాదో చెప్పమన్నట్టు ఉంటుంది. కాబట్టి "సబ్‌మ్యూకోసల్ లీజన్" (పై పొర కింద గడ్డ) లేదా "బల్జ్" (ఉబ్బు) అని ఎండోస్కోపీ కాగితంలో రాసి ఉండి బయాప్సీ మాత్రం నార్మల్ అని వస్తే అక్కడితో ఆపొద్దు, కాంట్రాస్ట్ సీటీ స్కాన్ గురించీ, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో సూది పెట్టి లోపలి ముక్క తీయడం గురించీ డాక్టర్ని అడగండి. ఈ రెండోది అన్ని ఊళ్ళలో ఉండదు, మన జిల్లాలోళ్ళు హైదరాబాదో బెంగుళూరో తిరుపతో పోవాల్సి రావచ్చు. ఆపరేషన్ చేసి తీసేయగలిగిన గడ్డ అయితే కొన్నిసార్లు ముందు సూది పెట్టకుండానే సర్జన్ నేరుగా తీసేస్తారు, అది వాళ్ళ లెక్క, మనం పట్టు పట్టేది కాదు.

ఇంగ నాకు కోపం వచ్చే విషయానికి వస్తా. ముక్క యాడ వేశారు?

ఆపరేషన్ అయినాక గడ్డని పది శాతం ఫార్మలిన్‌లో (ముక్క కుళ్ళకుండా ఉంచే మందు నీళ్ళు) వేయాలి, గడ్డకి కనీసం పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి, మూతి వెడల్పుగా ఉన్న డబ్బా కావాలి. మా దగ్గరికి వచ్చేవి చూస్తే మీరు నమ్మరు. ఒకసారి నిమ్మకాయ కన్నా పెద్ద గడ్డని తాగే నీళ్ళ బాటిల్లోకి తోసి తెచ్చినారు, మెత్తగా ఉన్నప్పుడు లోపలికి జారింది, ఫార్మలిన్‌లో గట్టిపడినాక బయటికి రాదు, బాటిల్ కోసి తీయాల్సి వచ్చింది. ఇంకోసారి సెలైన్‌లో వేసి ఆదోని నుంచి బస్సులో మే నెలలో పంపినారు, వచ్చేసరికి వాసన. ఏ ఆసుపత్రి అనేది ఇక్కడ చెప్పను, వాళ్ళకీ హడావిడే. సెలైన్‌లో గానీ స్పిరిట్‌లో గానీ నానిన ముక్కలో కణాలు చెడిపోతాయి, ఆ తర్వాత ఎంత మంచి ల్యాబ్‌కి పంపినా స్టెయిన్, అంటే కణాలకి వేసే రంగు, సరిగ్గా పట్టదు. ఫార్మలిన్ గంటకి సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి దిగుతుంది, అందుకే పెద్ద గడ్డని ల్యాబ్‌కి తొందరగా చేర్చాలి, మేం అందులో గాట్లు పెట్టి నానబెడతాం. ముక్క మొత్తం మీద 6 గంటలకి తగ్గకుండా, 72 గంటలు దాటకుండా నానితే మంచిది, శనివారం ఆపరేషన్ చేసి మంగళవారం తీరుబడిగా తెచ్చేవాళ్ళకి ఇది వినపడాల.

ఒక్క చోట మాత్రం సెలైన్ కావాలి. చిన్నపేగు, పెద్దపేగు కలిసే కాడ, కుడివైపు కింద గడ్డ మాదిరి తగిలితే మన దగ్గర ముందు గుర్తుకు రావాల్సింది పేగు టీబీ. అది స్కాన్లో అచ్చం ట్యూమర్ లాగానే కనపడుతుంది. టీబీ అనుమానం ఉంటే ఒక ముక్క సెలైన్‌లో కల్చర్‌కీ (క్రిముల్ని పెంచి చూసే టెస్ట్) జీన్ ఎక్స్‌పర్ట్‌కీ (టీబీ క్రిమి జీన్‌ని పట్టే టెస్ట్), మిగతావి ఫార్మలిన్‌లో బయాప్సీకి, రెండు డబ్బాలు వేరేగా పోవాలి. అన్నీ ఫార్మలిన్‌లో వేసేస్తే క్రిములు చచ్చిపోతాయి, ఇంగ కల్చర్‌లో ఏం మొలుస్తుంది. ఎండోస్కోపీకి పోయేముందే డాక్టర్ని ఒక మాట అడిగితే పోయేదానికి మళ్ళీ గొట్టం వేయించుకోవడం ఎందుకు.

ఇంకోటి, ముక్కతో పాటు వచ్చే కాగితం. దాంట్లో "మాస్ అబ్డామిన్" అని రెండు మాటలు రాసి పంపుతారు. గడ్డ జీర్ణాశయంలోదా, చిన్నపేగుదా, గోడ బయటికి వేలాడుతా ఉండిందా, ఆపరేషన్లో పగిలిందా, పేషెంట్‌కి వయసెంత, స్కాన్లో లివర్ మీద మచ్చలు ఉన్నాయా, ఇవి లేకుండా పాథాలజిస్ట్ చీకట్లో బాణం వేసినట్టే. సీటీ రిపోర్ట్, ఎండోస్కోపీ కాగితం, ఆపరేషన్ నోట్ మూడూ జిరాక్స్ తీసి డబ్బాతో పాటు ఇవ్వండి, ఎవరూ అడగకపోయినా సరే.

ఇప్పుడు మొదటి రిపోర్ట్ వచ్చింది అనుకోండి. మామూలు గులాబీ, ఊదా రంగు స్టెయిన్ మీద చూసి "స్పిండిల్ సెల్ ట్యూమర్, అడ్వైజ్ ఐహెచ్‌సీ" అని రాస్తారు. శానా మంది దీన్నే జబ్బు పేరు అనుకుంటారు. కాదు సామీ, కదురు మాదిరి సన్నగా పొడుగ్గా ఉన్న కణాలు కనపడ్డాయి అని మాత్రమే దానర్థం. అట్లాంటి కణాలు జిస్ట్‌లోనూ ఉంటాయి, కండరం గడ్డ లియోమయోమాలోనూ ఉంటాయి, నరం గడ్డ ష్వానోమాలోనూ ఉంటాయి, పీచు కణజాలం గడ్డ డెస్మాయిడ్‌లోనూ ఉంటాయి. తేల్చేది ఐహెచ్‌సీ, అంటే ఒక్కో ప్రోటీన్‌కి ఒక్కో యాంటీబాడీ వేసి యాది రంగు పడుతుందో చూడడం. సీడీ 117, డాగ్-1 రెండూ పాజిటివ్ అయితే జిస్ట్, సుమారు 95 శాతం జిస్ట్‌లలో సీడీ 117 పడుతుంది. డెస్మిన్, స్మూత్ మజిల్ ఆక్టిన్ బలంగా పడి సీడీ 117, డాగ్-1 పడకపోతే కండరం వైపు. ఎస్-100 గట్టిగా పడితే ష్వానోమా వైపు. బీటా కటెనిన్ కణం మధ్య కేంద్రకంలో పడితే డెస్మాయిడ్ వైపు చూడాలి. డాగ్ అంటే కుక్క కాదులే, జిస్ట్ మీద కనిపెట్టింది అని ఇంగ్లీషులో రాసే మాటల మొదటి అక్షరాలు అవి. ఒక్క యాంటీబాడీతోనే పేరు రాసేసిన రిపోర్ట్ చూస్తే నాకు నమ్మకం కుదరదు, కనీసం నాలుగైదు వేసి ఉండాల.

1998కి ముందు ఈ జిస్ట్‌లలో శానా వాటిని కండరం గడ్డలు అనే రాసేవాళ్ళు. ఆ ఏడాది జపాన్ శాస్త్రవేత్తలు వీటిల్లో కిట్ అనే జీన్ మారిపోయి ఉంటుందని చూపించినారు, పేగుని కదిలించే కహాల్ కణాలతో వీటికి సంబంధం ఉందని కూడా అప్పుడే బయటపడింది. పాత ఫైల్లో ఎవరికైనా "లియోమయోసార్కోమా, స్టమక్" అని ఇరవై ఐదు ముప్పై ఏళ్ళ కిందటి రిపోర్ట్ ఉండి ఇప్పుడు మళ్ళీ గడ్డ వస్తే ఆ పాత పేరుని గుడ్డిగా నమ్మొద్దు, పాత బ్లాక్ (ముక్కని మైనంలో పోసి దాచిన దిమ్మె) దొరికితే మళ్ళీ స్టెయిన్ వేయించొచ్చు.

జిస్ట్ అని తేలినాక చూడాల్సినవి నాలుగు: సైజు, మైటోసిస్ లెక్క, పుట్టిన చోటు, పగిలిందా లేదా. మైటోసిస్ అంటే రెండుగా చీలుతా ఉన్న కణాలు, ఇప్పుడు 5 చదరపు మిల్లీమీటర్లలో ఎన్ని అని రాస్తారు, పాతోళ్ళు 50 ఫీల్డ్స్ అని రాసేవాళ్ళు. మైక్రోస్కోప్‌ని బట్టి ఫీల్డ్ సైజు మారిపోతుంది కాబట్టి ఆ పాత లెక్క ఒక ల్యాబ్‌కీ ఇంకో ల్యాబ్‌కీ కలవదు. పుట్టిన చోటుకి ఎందుకంత విలువంటే, 5 నుంచి 10 సెంటీమీటర్ల గడ్డ, మైటోసిస్ 5 లోపే, అది జీర్ణాశయంలో ఉంటే ముదిరే అవకాశం 4 శాతం లోపు, అదే గడ్డ చిన్నపేగులో ఉంటే 24 శాతం దాకా. గడ్డ అదే, మైక్రోస్కోప్‌లో కనపడేది అదే, చోటు మారితే జాతకం మారిపోతుంది. అందుకే కాగితంలో చోటు రాయమని పైన అంత గొంతు చించుకున్నా. ఆపరేషన్లో గడ్డ పగిలి ఉంటే సైజుతో పని లేకుండా రిస్క్ పెద్దదే, ఈ మాట ఆపరేషన్ నోట్‌లో ఉందో లేదో చూసుకోండి.

తర్వాత జీన్ టెస్ట్. జిస్ట్‌కి వాడే ఇమాటినిబ్ మాత్ర జెనరిక్‌గా దొరుకుతుంది, హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో వాళ్ళు 2003లోనే తెచ్చినారు, పేటెంట్ గొడవ 2013లో సుప్రీంకోర్టు దాకా పోయి అసలు కంపెనీకి పేటెంట్ ఇవ్వము అని తీర్పు వచ్చింది. మాత్ర అందుబాటులో ఉంది కదా అని టెస్ట్ లేకుండానే మొదలుపెట్టేవాళ్ళు ఉన్నారు. కిట్ జీన్‌లో ఎక్సాన్ 11 అనే భాగం దగ్గర తేడా ఉంటే ఇమాటినిబ్ బాగా పనిచేస్తుంది, ఎక్సాన్ 9 అయితే డోసు గురించి డాక్టర్ ఆలోచించాల్సి ఉంటుంది, పీడీజీఎఫ్ఆర్ఏ జీన్‌లో డీ842వీ అనే మార్పు ఉంటే ఆ మాత్ర ఎన్ని నెలలు మింగినా దండగే. ఈ రెండు జీన్లలోనూ ఏమీ దొరక్కపోతే, పైగా వయసు చిన్నది, జీర్ణాశయంలో గడ్డలు గుత్తి మాదిరి ఉన్నాయి అంటే ఎస్‌డీహెచ్‌బీ అనే స్టెయిన్ వేయమని అడగాలి. ఆ స్టెయిన్ పడని రకం ఇంట్లో వాళ్ళకి కూడా వచ్చే అవకాశం ఉంటుంది, వాళ్ళ చెకప్ సంగతీ అప్పుడే అడిగేయండి.

రెండో గుంపు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లు, షార్ట్‌గా నెట్ అంటారు. 1907లో జర్మనీలో ఒబెర్న్‌డోర్ఫర్ అనే పాథాలజిస్ట్ వీటికి కార్సినాయిడ్ అని పేరు పెట్టినాడు, క్యాన్సర్ లాంటిది అని అర్థం, ఆ పేరు వల్ల వంద ఏళ్ళు జనం వీటిని లైట్ తీసుకున్నారు. సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ అనే స్టెయిన్లు పాజిటివ్ అయితే ఈ గుంపు. ఆ తర్వాత గ్రేడ్, అది కేఐ-67 అనే స్టెయిన్‌తో తేలుతుంది, కణాల్లో ఎంత శాతం పెరిగే పనిలో ఉన్నాయో చూపిస్తుంది. 3 శాతం లోపు గ్రేడ్ 1, 3 నుంచి 20 గ్రేడ్ 2, 20 దాటితే గ్రేడ్ 3. దీంతో పాటు మైటోసిస్ కూడా లెక్కపెడతారు, రెండింట్లో ఏది ఎక్కువ గ్రేడ్ చూపిస్తే అదే రాస్తారు. ఎక్కువ రంగు పడిన చోట కనీసం 500 కణాలు లెక్కపెట్టాలి, కంటి చూపుతో అందాజాగా "సుమారు 2 నుంచి 5 శాతం" అని రాస్తే అది గ్రేడ్ 1కీ 2కీ మధ్యలో ఉయ్యాల. అట్లా వస్తే మళ్ళీ లెక్కపెట్టి ఒక్క అంకె రాయమని మర్యాదగా అడగొచ్చు, మా మేడం అయితే ప్రింట్ తీసి పెన్నుతో ఒక్కో కణానికి టిక్కు పెడతారు.

20 దాటినప్పుడు ఇంకో మెలిక ఉంది. కణాలు ఇంకా పద్ధతిగా అమరి ఉంటే అది నెట్ గ్రేడ్ 3, కణాల రూపు పూర్తిగా చెదిరిపోయి ఉంటే న్యూరోఎండోక్రైన్ కార్సినోమా, రెండింటికీ మందులు వేరు. డబ్ల్యూహెచ్ఓ 2019 ట్యూమర్ల వర్గీకరణ పుస్తకంలో జీర్ణవ్యవస్థ మొత్తానికీ ఈ రెండింటినీ విడదీసినారు, కాబట్టి రిపోర్ట్‌లో ఉత్త "హై గ్రేడ్ న్యూరోఎండోక్రైన్" అని ఉంటే సగం మాటే చెప్పినట్టు.

అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకున్నోళ్ళు రిపోర్ట్ తెచ్చుకోకుండా మర్చిపోతారు, దయచేసి తెచ్చుకోండి. నెట్‌లు అక్కడ ఊరికే బయటపడతా ఉంటాయి. 1 సెంటీమీటర్ లోపుదైతే, అంతా తీసేసి ఉంటే మామూలుగా ఇంకేం చేయరు, 2 దాటితే కుడివైపు పెద్దపేగు ఆపరేషన్ గురించి మాట్లాడతారు, మధ్యలోవాటికి డాక్టర్లు కూర్చుని ఆలోచించాల్సిందే. జీర్ణాశయంలో చిన్న చిన్న నెట్‌లు ఒకటి కన్నా ఎక్కువ కనపడితే గడ్డతో పాటు చుట్టూ మామూలుగా కనపడే గోడ నుంచి కూడా ముక్కలు తీయాలి, ఎందుకంటే గోడ పల్చబడిపోయే అట్రోఫిక్ గ్యాస్ట్రైటిస్ వల్ల వచ్చే రకం మెతక రకం, అది తేలకుండా పెద్ద ఆపరేషన్ దాకా పోకూడదు.

రక్తంలో క్రోమోగ్రానిన్ టెస్ట్ చేయించి అది ఎక్కువ వచ్చిందని ఏడ్చుకుంటా వచ్చిన అక్క ఒకామె ఉంది, తీరా చూస్తే రోజూ పొద్దున పాంటప్రజోల్ గ్యాస్ మాత్ర వేసుకుంటాంది. ఆ మాత్ర వల్ల కూడా పెరుగుతుంది, కిడ్నీ జబ్బు వల్ల కూడా పెరుగుతుంది. డాక్టర్ని అడిగి మాత్ర ఆపినాక చేయించుకోవాలి. నెట్ కోసమే 24 గంటల మూత్రంలో చేసే 5-హెచ్ఐఏఏ టెస్ట్‌కి ముందు అరటిపండు, పైనాపిల్, టమోటా, వాల్‌నట్ మానేయాలి. టమోటా లేకుండా మూడు రోజులు మన ఇళ్ళల్లో కూర ఎట్లా చేస్తారో అది మీ తిప్పలు.

ఆఖరుగా బ్లాక్ గురించి. ముక్కని మైనంలో పోసి చేసిన చిన్న దిమ్మె అది, దాని మీద నంబర్ ఉంటుంది. రెండో ఒపీనియన్‌కి నిమ్స్ అయినా, వెల్లూరు సీఎంసీ అయినా, ముంబై టాటా అయినా కాగితాలు మాత్రమే తీసుకుపోతే ఉపయోగం లేదు, బ్లాకూ స్లైడ్లూ రెండూ పట్టుకుపోవాలి. స్లైడ్ మీద ఐహెచ్‌సీ మళ్ళీ వేయడం కష్టం, జీన్ టెస్ట్‌కి బ్లాక్ కావాల్సిందే. ల్యాబ్‌లో లెటర్ రాసిచ్చి అడిగితే ఇస్తారు, గడ్డవి నాలుగైదు బ్లాకులు ఉంటే ఒకటో రెండో తీసుకుని మిగతావి ల్యాబ్‌లోనే ఉంచండి, దారిలో పోతే మళ్ళీ చేయలేం. కర్నూలు నుంచి హైదరాబాద్‌కి ఎండాకాలం కార్లో పోతా డాష్‌బోర్డ్ మీద పెట్టొద్దు, మైనం మెత్తబడుతుంది, బ్యాగులో లోపల టిఫిన్ డబ్బాలో దూది వేసి పెట్టండి, స్లైడ్లు విరగకుండా వాటికి వేరే డబ్బా. బయలుదేరే ముందు బ్లాక్ మీది నంబర్ని ఫోన్లో ఫోటో తీసుకుని రిపోర్ట్ మీది నంబర్‌తో కలుస్తుందో లేదో కౌంటర్ కాడే చూసుకోండి.