ఉపగ్రహ పరీక్షలు – 4వ పాఠం: డీబీఎంకు డీబీఎం కలపొద్దు

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, దేవరకొండ నుంచి జవాబులు వచ్చాయి. చాలామంది ఒక్కచోటే తప్పారు. అందుకే ఈసారి మొదలుపెడతానన్న థర్మోవ్యాక్ పరీక్షను (గాలి తీసేసిన గదిలో వేడికీ చలికీ పెట్టి చూసేది) వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఈ లెక్క రాకుండా మిమ్మల్ని టెస్ట్ బెంచ్ ముందు నిలబెట్టలేను.

వేర్వేరు ఫ్రీక్వెన్సీల సిగ్నళ్లు రెండు, ఒక్కోటి 30 డీబీఎం (పవర్‌ను చెప్పే కొలత), ఒకే కేబుల్లో పోతున్నాయి. మొత్తం పవర్ ఎంత? మీరు రాసింది 60. తమ్ముడూ, 30 డీబీఎం అంటే 1 వాట్. 60 డీబీఎం అంటే 1,000 వాట్లు. వాట్‌కు వాట్ కలిస్తే వెయ్యి ఎట్లవుతుంది? రెండు వాట్లే, అంటే 33 డీబీఎం.

మన దిక్కు బోరు నీళ్లను ఇంచుల్లో చెప్తాం కదా. బత్తాయి తోటలో రెండించుల బోర్లు రెండున్నాయి. రెండూ కలిపితే నాలుగించుల పైపు నిండదు, సగానికే వస్తుంది. ఇంచు చెప్పేది పైపు వెడల్పు, నీళ్ల లెక్క కాదు. డీబీఎం కూడా అంతే. అది పవర్‌ను 1 మిల్లీవాట్‌తో పోల్చి తీసిన లాగ్‌కు (సంవర్గమానానికి) పది రెట్లు. లాగులను కూడితే లోపలి అంకెలు గుణించుకుంటాయి. మీరు చేసింది కూడిక అనుకున్నారు, జరిగింది గుణకారం.

డీబీ అంటే పవర్ ఎన్ని రెట్లు పెరిగిందో తగ్గిందో చెప్పే లాగ్ లెక్క. డీబీఎంకు డీబీ కలపండి, తీసెయ్యండి, ఇబ్బంది లేదు. డీబీఎంలోంచి డీబీఎం తీస్తే డీబీ వస్తుంది: యాంప్లిఫయర్‌లోకి -8 డీబీఎం పోయి 47 డీబీఎం బయటికొస్తే గెయిన్ (పెంపు) 55 డీబీ. డీబీఎంకు డీబీఎం కలపాల్సొస్తే మాత్రం ముందు వాట్లలోకి మార్చండి, కలపండి, మళ్లీ వెనక్కి రండి. నేను కాల్క్యులేటర్ ముట్టను. 50 డీబీఎం 100 వాట్లు, 3 తగ్గితే సగం, కాబట్టి 47 అంటే 50 వాట్లు. టెస్ట్ లాగ్‌బుక్‌లో ఉత్త 30 అని ఎప్పుడూ రాయను, పక్కన డీబీనో డీబీఎమ్మో ఉండాల్సిందే.

లెక్క సరిగ్గా ఉన్నా సామాను కాలొచ్చు. కొత్తలో ఆ 47 డీబీఎం ముందు 30 డీబీ అటెన్యుయేటర్ (పవర్ తగ్గించేది) పెట్టాను. 17 డీబీఎం వస్తుంది, సిగ్నల్ కొలిచే అనలైజర్‌కు క్షేమమే అనుకున్నాను. మిగతా 49.95 వాట్లు ఆ అటెన్యుయేటరే మింగాలి. దాని మీద 2 వాట్లని రాసుంది. కాలిన వాసన వచ్చాక చదివాను.

అభ్యాసం: భూస్థిర ఉపగ్రహం, దూరం 36,000 కిలోమీటర్లు, ఫ్రీక్వెన్సీ 4 గిగాహెర్ట్జ్. యాంప్లిఫయర్ 47 డీబీఎం, దాని తర్వాత నష్టం 1 డీబీ, ఉపగ్రహ యాంటెన్నా గెయిన్ 31 డీబీ, నేలమీద డిష్ గెయిన్ 45 డీబీ. దారి నష్టానికి సూత్రం: 92.45 + 20 లాగ్ (కిలోమీటర్లు) + 20 లాగ్ (గిగాహెర్ట్జ్). డిష్ తర్వాత -73.6 డీబీఎం రావాలి. రాకపోతే ప్లస్, మైనస్ గుర్తులు చూసుకోండి. ఇప్పుడు అంతే బలమున్న మరో సిగ్నల్ వేరే ఫ్రీక్వెన్సీలో పక్కనే వచ్చింది. మొత్తం ఎంత? దీనికి జవాబొక్కటే పంపితే చూడను, వాట్ల లెక్క కూడా రాసి పంపండి.