కాలేజ్ ఫుట్‌బాల్ చూడటం నేర్చుకుందాం – 5వ పాఠం: పాస్ రాని టీమ్ పెద్ద టీమ్‌తో ఆడబోతుంటే ఏం చూడాలి

పోయిన నాలుగు పాఠాల్లో డౌన్లు (పది గజాలు తెచ్చుకోవడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాలు) ఎలా లెక్కపెడతారు, రన్ (బంతి పట్టుకుని పరుగెత్తడం) అంటే ఏంటి పాస్ (బంతిని ముందుకి విసరడం) అంటే ఏంటి, ఆప్షన్ ఆటలో క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) ఎవర్ని చూసి బంతి ఇచ్చేయాలా తనే ఉంచుకోవాలా అని డిసైడ్ చేస్తాడు, ఇవన్నీ అయిపోయాయి. ఈసారి ఒకటే పని పెట్టుకుందాం. ఒక టీమ్ ఉంది, సీజన్ అంతా రన్ మీదే బతుకుతోంది, పాస్ వేస్తే సగానికి సగం నేలపాలు, వచ్చే శనివారం దేశంలో టాప్ ఫైవ్‌లో ఉన్న టీమ్‌తో ఆట. ఆ పాసింగ్ బలహీనత వాళ్ళని నిజంగా ముంచుతుందా లేదా అనేది ఆటకి ముందే, నెట్‌లో ఫ్రీగా దొరికే బాక్స్ స్కోర్లు (ఒక్కో ఆట అంకెల పట్టికలు) పెట్టుకుని మీ అంతట మీరే అంచనా వేయగలగాలి.

ముందు పక్కన పెట్టేయాల్సిన నంబర్ ఒకటి చెప్తాను, అది ఆటకి సగటున ఎన్ని పాసింగ్ గజాలు అనేది. టీవీలో ఎక్కువగా చూపించేది అదే, "పాసింగ్‌లో దేశంలోనే అట్టడుగున ఉన్నారు" అంటారు, అది విని మనం కూడా పాపం వీళ్ళకి పాస్ రాదు అనేసుకుంటాం. కానీ ఆటకి ఎనిమిది పాసులు వేసే టీమ్‌కి గజాలు తక్కువ కాకుండా ఎలా ఉంటాయి? అందుకే గజాల్ని ప్రయత్నాలతో భాగించండి. మనకి కావాల్సింది ఒక్కో పాస్ ప్రయత్నానికి ఎన్ని గజాలు వచ్చాయి అన్నది.

అట్లాంటాలో ఉన్న మన తెలుగువాళ్ళకి, ముఖ్యంగా అక్కడ ఎంఎస్ చేసినవాళ్ళకి జార్జియా టెక్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పాల్ జాన్సన్ కోచ్‌గా ఉన్న రోజుల్లో వాళ్ళది అచ్చమైన ఆప్షన్ ఆట. 2009 సీజన్ తీసుకోండి, క్వార్టర్‌బ్యాక్ జాష్ నెస్బిట్ 162 పాసులు వేస్తే 75 మాత్రమే అందాయి, అంటే 46 శాతం, ఈ ఒక్క నంబర్ చూస్తే ఘోరం అనిపిస్తుంది. అదే మనిషికి ఆ 162 పాసుల్లో 1,701 గజాలు వచ్చాయి, భాగిస్తే పాస్‌కి 10.5 గజాలు, ఏ స్థాయిలో అయినా అది చాలా పెద్ద నంబర్. ఎందుకలా వచ్చింది అంటే ప్రత్యర్థి డిఫెన్స్ మొత్తం రన్ ఆపడానికి ముందుకి వచ్చేసేది, వెనకాల పాసులు పట్టే డెమేరియస్ థామస్ ఒక్కడికి ఒక్కడే కాపలా, అలాంటప్పుడు పది పాసుల్లో ఆరు పడిపోయినా అందిన నాలుగూ పొలిమేర దాటేవి. థామస్ ఆ ఏడాది పట్టినవి 46 క్యాచ్‌లే, వాటికి 1,154 గజాలు.

కాబట్టి పాస్ తక్కువ వేయడం వేరు, పాస్ రాకపోవడం వేరు. ప్రయత్నానికి ఏడెనిమిది గజాలు దాటి వస్తుంటే ఆ టీమ్ తక్కువ వేస్తోంది అంతే, భయపడక్కర్లేదు. ఐదు దగ్గరో ఇంకా కిందో తిరుగుతుంటే మాత్రం నిజంగానే జబ్బు ఉన్నట్టు.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని విషయం, దయచేసి ఇది నోట్‌బుక్‌లో రాసుకోండి. కాలేజ్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌ని పాస్ వేసేలోపే పడగొడితే, అంటే శాక్ అయితే, ఆ పోయిన గజాల్ని రన్నింగ్ ఖాతాలోంచి తీసేస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే పాసింగ్ ఖాతాలోంచి తీస్తారు. దీనివల్ల కాలేజ్ బాక్స్ స్కోర్‌లో రన్ ఉన్నదానికంటే నీరసంగా, పాస్ ఉన్నదానికంటే ఆరోగ్యంగా కనపడుతుంది. ఉదాహరణకి ఒక టీమ్ 40 రన్‌లకి 180 గజాలు, 15 పాసులకి 75 గజాలు తెచ్చింది అనుకుందాం. పైకి చూస్తే రన్‌కి 4.5, పాస్‌కి 5, రెండూ పర్లేదు కదా అనిపిస్తుంది. అందులో 4 శాక్‌లు ఉన్నాయి, వాటిలో 28 గజాలు పోయాయి అనుకోండి. ఆ నాలుగూ అసలు పాస్ వేద్దామని మొదలుపెట్టిన ప్రయత్నాలే కదా, అందుకని అటు వేసి చూడండి. ఇప్పుడు 36 రన్‌లకి 208 గజాలు అంటే 5.8 దగ్గర, 19 పాస్ ప్రయత్నాలకి 47 గజాలు అంటే 2.5. ఒకే టీమ్, ఒకే ఆట, కానీ కథ మొత్తం మారిపోయింది. ఏ రన్ టీమ్ గురించైనా మాట్లాడేముందు ఈ సవరణ చేయనిదే నేను ముందుకెళ్ళను, మీరూ అలాగే చేయండి.

సరే, ఇక అసలు విషయానికి వద్దాం, ఈ పాఠం మొత్తంలో ఒకటే గుర్తుంటుంది అంటే ఇదే గుర్తుండాలి. పాసులు రెండు రకాలు. తమ ఇష్టంతో వేసేవి, తప్పనిసరై వేసేవి. ఫస్ట్ డౌన్‌లో పది గజాలు కావాలి, డిఫెన్స్ అంతా రన్ వస్తుందని కాచుకుని ఉంది, అప్పుడు వేస్తే అది ఇష్టంతో వేసిన పాస్. థర్డ్ డౌన్‌లో తొమ్మిది గజాలు కావాలి, స్టేడియంలో ఉన్న వాళ్ళందరికీ పాస్ వస్తుందని తెలుసు, అప్పుడు వేసేది తప్పనిసరి పాస్. వన్డేలో ఛేజింగ్ చూసేటప్పుడు కావాల్సిన రన్ రేట్ ఆరు ఉంటే బ్యాట్స్‌మన్ తన ఆట తను ఆడతాడు, పన్నెండుకి వెళ్ళిందంటే బౌలర్ చెప్పినట్టు ఆడాల్సి వస్తుంది, సరిగ్గా అదే ఇక్కడ కూడా. విశ్లేషకులు వాడే గీత ఏంటంటే సెకండ్ డౌన్‌లో 8 గజాలు లేదా ఎక్కువ, థర్డ్ డౌన్‌లోనో ఫోర్త్ డౌన్‌లోనో 5 లేదా ఎక్కువ కావాల్సి వస్తే అది పాసింగ్ డౌన్, మిగతావన్నీ మామూలు డౌన్లు. రన్ టీమ్‌ని చూసేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న వీళ్ళకి పాస్ వచ్చా అని కాదు, వీళ్ళు ఎన్నిసార్లు పాసింగ్ డౌన్‌లో ఇరుక్కుంటున్నారు అని. ఒక ఆటలో మొత్తం ప్రయత్నాల్లో నాలుగోవంతు లోపు అయితే నాకు ధైర్యం, మూడోవంతు దాటితే ఆ టీమ్ మీద నమ్మకం పెట్టుకోను. ఇది నా అనుభవంతో పెట్టుకున్న గీతే, మీరు కొన్ని ఆటలు చూశాక మీ గీత మీరు గీసుకోండి.

మరి అసలు పాస్ ఎందుకు రాదు వీళ్ళకి? క్వార్టర్‌బ్యాక్ చెయ్యి బాలేదు అని తేల్చేస్తారు గానీ చాలాసార్లు కారణం లైన్‌లో ఉంటుంది. ఆప్షన్ టీమ్ లైన్‌మన్, అంటే ముందు వరసలో నిలబడి అడ్డుకునేవాడు, బరువంతా ముందుకి వేసి, చేతిని నేలకి ఆనించి, కిందనుంచి దూసుకెళ్ళడం నేర్చుకుంటాడు. పాస్‌ని కాపాడాలంటే దానికి పూర్తిగా ఉల్టా, వెనక్కి జరుగుతూ, నిటారుగా, ఓపిగ్గా చేతులతో ఆపాలి. ఒకే శరీరానికి రెండు భాషలు నేర్పాలన్నమాట. దానికి టైమ్ కావాలి, సీజన్‌లో వారానికి 20 గంటలకి మించి ప్రాక్టీస్ మీటింగులు అన్నీ కలిపి పెట్టకూడదని కాలేజ్ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ రూల్ ఉంది. ఆప్షన్ ఆటలో బంతి ఇవ్వడం, ఉంచుకోవడం, పిచ్ చేయడం (పక్కవాడికి విసరడం) కళ్ళు మూసుకుని చేసేంత సాధన కావాలి, ఆ 20 గంటలు దానికే సరిపోతాయి. రిసీవర్లు కూడా రోజంతా బ్లాక్ చేయడంలోనే ఉంటారు, పాసులు పట్టే కుర్రాళ్ళు అలాంటి టీమ్‌లో చేరడానికి అంతగా ఇష్టపడరు. కోచ్ తెలిసే ఈ బేరం ఒప్పుకున్నాడు, అందుకని ఇది లోపం అని తిట్టేముందు దానికి బదులుగా ఏం కొనుక్కున్నాడో చూడాలి.

ఇక పెద్ద టీమ్ ఎదురైతే ఏం మారుతుంది. మామూలు టీమ్‌లు రన్ ఆపాలంటే బాక్స్‌లోకి, అంటే లైన్ దగ్గర గుమిగూడే చోటుకి, ఎనిమిది తొమ్మిది మందిని తీసుకురావాలి, అప్పుడు వెనకాల ఖాళీ, ఇందాకటి థామస్ లాంటివాడికి పండగ. పెద్ద టీమ్‌కి ముందు వరసలో ఉన్న నలుగురే అంత బలంగా ఉంటారు కాబట్టి ఏడుగురితోనే పని అయిపోతుంది, అందరికంటే వెనక కాపలా కాసే సేఫ్టీలు ఇద్దరూ వెనకే ఉండిపోతారు. రన్ టీమ్‌కి ఫస్ట్ డౌన్‌లో రావాల్సిన నాలుగైదు గజాలు ఒకటో రెండో అవుతాయి, సెకండ్ డౌన్‌లో ఇంకా ఎనిమిది కావాలి, చూశారా, పాసింగ్ డౌన్ వచ్చేసింది. పెద్ద టీమ్ వీళ్ళ పాస్‌ని ప్రత్యేకంగా ఆపక్కర్లేదు, పాస్ తప్పనిసరి అయ్యే పరిస్థితి తెస్తే చాలు.

రెండోది ప్రిపరేషన్ టైమ్. వారం రోజుల్లో ఆప్షన్‌కి రెడీ అవ్వడం ఎవరికైనా కష్టం, ఎందుకంటే ప్రాక్టీస్‌లో ఆ వేగంతో ఆడి చూపించే క్వార్టర్‌బ్యాక్ అవతలి టీమ్‌లో ఉండడు. నెల రోజులు ఇస్తే మాత్రం లెక్క మారుతుంది. అదే జార్జియా టెక్, పాస్‌కి 10.5 గజాలు తెచ్చిన టీమ్, 2010 జనవరి 5న ఆరెంజ్ బౌల్ అనే సీజన్ చివరి ఆటలో అయోవా మీద 14-24తో ఓడిపోయింది, నెస్బిట్ 9 పాసుల్లో 2 మాత్రమే అందించాడు, 12 గజాలు, టీమ్ మొత్తానికి వచ్చింది 155 గజాలు. అంతకి ముందు ఆట అయ్యి నెల అయింది, అయోవా ఆ నెల బాగా వాడుకుంది. అందుకే మీ అంచనాలో "అవతలి వాళ్ళకి ఎన్ని రోజులు దొరికాయి" అనే గడి కచ్చితంగా ఉండాలి.

ఇప్పుడు ఇవన్నీ కలిపి ఒక నిజం ఆట మీద పెట్టి చూద్దాం. 2018 సెప్టెంబర్ 22, ఆర్మీ టీమ్ (అమెరికా మిలిటరీ అకాడమీ వాళ్ళది) నార్మన్ వెళ్ళి సొంత ఊళ్ళో 5వ ర్యాంక్ ఓక్లహోమాతో ఆడింది. ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రే, ఆ ఏడాది కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనిదే. ఆర్మీ వైపు కోచ్ జెఫ్ మాంకెన్, పాల్ జాన్సన్ దగ్గర పనిచేసి వచ్చినవాడే, క్వార్టర్‌బ్యాక్ కెల్విన్ హాప్కిన్స్. అదే సీజన్ మొదటి ఆటలో ఆర్మీ డ్యూక్ చేతిలో 14-34తో ఓడిపోయి ఉంది. వెనకపడిన రన్ టీమ్‌కి గడియారం కూడా శత్రువే అవుతుంది, కాబట్టి ఆటకి ముందు రోజు మీరు కూర్చుని రాసుకుంటే డ్యూక్ మీదే ఇలా అయితే ఓక్లహోమా మీద ఇంకేముంది అనే అనుకునేవాళ్ళు, చాలామంది అనుకున్నారు కూడా.

కానీ రెండు గడులు వేరేలా ఉన్నాయి. ఒకటి, ఓక్లహోమాకి దొరికింది ఒక్క వారమే. రెండోది ఇంకా ముఖ్యం, మాంకెన్ ఫోర్త్ డౌన్‌ని పంట్ కొట్టే (బంతిని దూరంగా తన్ని అవతలి వాళ్ళకి వదిలేసే) డౌన్‌గా చూడడు. పది గజాలు మూడు ప్రయత్నాల్లో తెచ్చుకోవాలంటే ఒక్కోదానికి 3.3 కావాలి, నాలుగోది కూడా వాడతాను అంటే 2.5 చాలు. ఈ చిన్న భాగహారం ఒక్కటి రన్ టీమ్ బతుకు మార్చేస్తుంది, ఎందుకంటే థర్డ్ డౌన్‌లో ఐదు గజాలు కావాల్సినా వాళ్ళు పాస్ వేయక్కర్లేదు, మూడు గజాలు రన్‌తో తెచ్చుకుని మిగతా రెండూ ఫోర్త్ డౌన్‌లో చూసుకుంటారు. అంటే మనం పైన చెప్పుకున్న పాసింగ్ డౌన్ గీత వాళ్ళ విషయంలో వెనక్కి జరుగుతుంది.

ఆ రోజు ఆర్మీ 78 రన్‌లకి 339 గజాలు తెచ్చింది, సగటు 4.3, పెద్ద గొప్ప సగటు కాదు, కానీ 2.5 చాలనుకున్న వాళ్ళకి అది బోలెడు. అరవై నిమిషాల్లో 44 నిమిషాల 41 సెకన్లు బంతి ఆర్మీ దగ్గరే ఉంది, దేశంలో అందరికంటే ప్రమాదకరమైన ఆటగాడు మిగతా పావుగంట తప్ప బెంచ్ మీదే కూర్చున్నాడు. నాకు ఈ ఆట అంటే ఎంత ఇష్టమో చెప్పలేను, బలం తక్కువ ఉన్నవాళ్ళు లెక్కతో ఇంత దూరం రాగలరు అని చూపించిన ఆట ఇది. నిర్ణీత సమయం అయ్యేసరికి 21-21, చివరి క్షణంలో ఓక్లహోమా కిక్ తప్పింది, ఓవర్‌టైమ్.

ఓవర్‌టైమ్‌లో మర్రే, సీడీ ల్యాంబ్‌కి టచ్‌డౌన్ పాస్ వేశాడు. ఆర్మీ బదులివ్వాలి, మూడు ప్రయత్నాలు అయిపోయాయి, ఫోర్త్ డౌన్‌లో పాస్ వేయక తప్పలేదు. హాప్కిన్స్ వేసిన ఆ పాస్‌ని ఓక్లహోమా డిఫెన్స్‌లోని పార్నెల్ మాట్లీ పట్టేశాడు, 28-21, ఆట అయిపోయింది. ఆట మొత్తంలో తప్పనిసరి పాస్‌ని దూరం పెడుతూ వచ్చారు, ఆఖర్న ఒక్కసారి తప్పించుకోలేకపోయారు. దీన్నిబట్టి పాసింగ్ బలహీనత లేదు అని కూడా అనుకోకండి, అది ఉంది, దాని బిల్లు ఎంత సేపు వాయిదా వేయగలిగారు అన్నదే తేడా.

అసలు బిల్లే కట్టకుండా తప్పించుకున్న ఆట కూడా ఉంది. 2013లో ఇదే మాంకెన్ జార్జియా సదరన్ టీమ్‌కి కోచ్‌గా ఉన్నప్పుడు ఫ్లోరిడా ఊళ్ళోకి వెళ్ళి 26-20తో గెలిచాడు, వేసిన మూడు పాసుల్లో ఒక్కటి కూడా అందలేదు, రన్‌లో 429 గజాలు. ఆ ఏడాది ఫ్లోరిడా 4 గెలిచి 8 ఓడిన టీమ్, పేరు పెద్దదే గానీ ముందు వరస ఆ పేరుకి తగ్గట్టు లేదు. పెద్ద టీమ్ అన్నప్పుడు పేరు చూడకండి, ఆ ఏడాది వాళ్ళు రన్‌కి సగటున ఎన్ని గజాలు ఇస్తున్నారో చూడండి.

ఈ వారం సాధన. ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్, ఈ మూడింట్లో ఏదో ఒకదాని ఆట ఎంచుకోండి. ఆటకి ముందు గత మూడు ఆటల బాక్స్ స్కోర్లు తీసి శాక్ సవరణ చేసి, రన్ సగటు, పాస్ సగటు రాయండి. ఆట నడుస్తున్నప్పుడు ప్రతి స్నాప్‌కి (బంతిని వెనక్కి అందించి ప్రయత్నం మొదలుపెట్టడం) ముందు డౌన్, కావాల్సిన గజాలు ఒక కాగితం మీద రాస్తూ పొండి, పాసింగ్ డౌన్ అయితే పక్కన చుక్క పెట్టండి, పాస్ వేస్తే అది ఇష్టంతోనా తప్పనిసరా అని ఒక్క అక్షరం. మొదటి క్వార్టర్ కంగారుగా ఉంటుంది, రెండో క్వార్టర్‌కి చెయ్యి అలవాటు పడుతుంది. హాఫ్‌టైమ్‌లో చుక్కలు లెక్కపెట్టి, స్కోర్ పట్టించుకోకుండా, సెకండ్ హాఫ్ ఎలా నడుస్తుందో రెండు వాక్యాలు రాసి పెట్టుకోండి, ఆట అయ్యాక సరిచూసుకోండి.

6వ పాఠంలో ఇదే ఆటని అవతలి వైపు నుంచి చూద్దాం, ఆప్షన్‌ని ఆపాల్సిన డిఫెన్స్‌లో ఎవరికి ఏ పని ఇస్తారు, మధ్యలోంచి బంతితో దూసుకొచ్చే ఫుల్‌బ్యాక్‌ని ఎవరు పట్టుకోవాలి, పిచ్‌కి ఎవరు వెళ్ళాలి అనేది. మీ చుక్కల కాగితం పారేయకండి, అప్పుడు అదే కావాలి.