బీజీవీలో డిస్క్రిపెన్సీ వచ్చిందా? ఆధార్ జోలికెళ్లే ముందు యూఏఎన్ (మీ పీఎఫ్ నంబర్) చూడండి

ఆఫర్ లెటర్ చేతికొచ్చింది, హైదరాబాద్‌లో హాస్టల్ మాట్లాడుకున్నారు. ఈలోగా హెచ్‌ఆర్ నుంచి మెయిల్: బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో (బీజీవీ, అంటే మీరిచ్చిన వివరాల తనిఖీ) డిస్క్రిపెన్సీ, అంటే తేడా ఉంది, వివరణ ఇవ్వండి. భీమవరంలో మా నెట్ సెంటర్‌కి ఈ మెయిల్ పట్టుకుని వచ్చే ప్రతివాళ్లూ టెన్షన్‌తో అడిగేది ఒకటే: "ఆధార్ మార్పించాలాండీ?" ఆగండి. ముందు మెయిల్ కిందదాకా చదవండి. తేడా వచ్చింది ఐడెంటిటీలోనా, ఎంప్లాయ్‌మెంట్‌లోనా, అడ్రస్‌లోనా? పది మందిలో తొమ్మిది మంది ఇది చూడకుండానే వస్తారు.

ఐడెంటిటీలో పేరు కలవలేదు

టెన్త్ మెమో, ఆధార్, పాన్ మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. ఒకదాంట్లో పూర్తి ఇంటిపేరు, ఇంకోదాంట్లో పొడి అక్షరం ఉంటుంది. పాన్ నంబర్‌లో ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం అయ్యుండాలి. కాకపోతే, పాన్ ఫారం నింపినవాళ్లు లాస్ట్ నేమ్ గడిలో మీ పేరు రాసేసి ఉండొచ్చు. టెన్త్ మెమోలో ఎలా ఉందో అలా, తేడాగా ఉన్న కార్డునే సరిచేయించండి. పాన్‌లో పేరు దిద్దినా నంబర్ మారదు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే, పుట్టిన తేదీకి ఒక్కసారే. తొందరపడి వాడేసుకోకండి.

ఎంప్లాయ్‌మెంట్‌లో తేడా, కానీ మీరు ఫ్రెషర్

నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇదే. ఉండి వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేర్లన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. రెండు రోజులు కార్డులే తిరగేశాను. చివరికి అడిగాను: "డిగ్రీ అయ్యాక రొయ్యల ఫ్యాక్టరీకేమైనా వెళ్లావామ్మా?"

"మూడు నెలలే అండీ. అది కూడా ఉద్యోగం కిందకొస్తుందా?"

వస్తుంది. చేరేటప్పుడు ఆధార్ జిరాక్స్ తీసుకున్నారంటే, దాంతోనే యూఏఎన్ తెరిచి పీఎఫ్ కట్టి ఉండొచ్చు. పీఎఫ్ లెక్కలు చూసే ఈపీఎఫ్ఓ సంస్థ మెంబర్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరిచాం. ఒకే ఒక్క వరుస. అందులో ఉన్నది ఫ్యాక్టరీ పేరు కాదు, కూలీలను పెట్టిన కాంట్రాక్టర్ సంస్థ పేరు. ఆ పేరు ఆ అమ్మాయి ఎప్పుడూ వినలేదు. చేరిన తేదీ ఉంది. మానేసిన తేదీ దగ్గర 'నాట్ అవైలబుల్'. అంటే లెక్క ప్రకారం తను ఇంకా అక్కడే రొయ్యలు గ్రేడింగ్ చేస్తోంది. కొత్త కంపెనీకి కనిపించేది పాత ఉద్యోగం దాచిన మనిషి, పైగా రెండుచోట్ల పనిచేస్తున్న మనిషి.

సరిచేయడం కష్టం కాదు. పోర్టల్‌లో మేనేజ్ కింద మార్క్ ఎగ్జిట్ ఉంటుంది. చివరిసారి పీఎఫ్ జమ అయ్యి రెండు నెలలు దాటితే మానేసిన తేదీ మీరే వేసుకోవచ్చు. చివరి జమ పడిన నెలలోని తేదీయే వేయాలి. పాస్‌బుక్ పక్కన పెట్టుకుని వేయండి, ఒకసారి వేశాక మార్చడం తేలిక కాదు. ఓటీపీ ఆధార్‌కి లింకైన ఫోన్‌కే వస్తుంది. ఆ సిమ్ పోయుంటే ముందు ఆధార్ సెంటర్‌లో నంబర్ మార్పించుకోండి. ఓటీపీ మీరే కొట్టండి, ఎవరికీ చెప్పొద్దు, నాకైనా సరే.

తర్వాత హెచ్‌ఆర్‌కి మెయిల్ రాయండి: ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు పనిచేశాను, ఫారంలో రాయాలని తెలియలేదు, సర్వీస్ హిస్టరీ జతచేస్తున్నాను. ఉన్నదున్నట్టు రాయండి. తెల్లారకుండా కంపెనీ బస్సెక్కి, చల్లటి హాల్లో గ్లౌజులతో నిలబడి చేసిన పని అది. దాచుకోవాల్సిందేమీ లేదు. చేరే రోజు ఇచ్చే ఫారం 11లో కూడా ఇంతకుముందు పీఎఫ్ సభ్యులా అని ఉంటుంది. అక్కడ 'అవును' అనే పెట్టండి.

ఆక్వా ఫ్యాక్టరీయే కానక్కర్లేదు, షోరూమ్‌లో సీజన్‌కి చేసినా ఇంతే.

మిగతావి

పాన్ పనిచేయడం లేదంటే ఆధార్‌తో లింక్ అయ్యిందో లేదో చూడండి. ఆధార్ నంబర్‌లో అంకె తప్పు కొడితే సిస్టమ్ అప్పుడే పట్టేస్తుంది, చివరి అంకె ఉన్నదే అందుకు. అడ్రస్‌లో పాత తూర్పు గోదావరి ఉండి, మీరు ఫారంలో కోనసీమ అని రాశారా? 2022లో జిల్లాలు విడిపోయాయని ఒక్క ముక్క రాస్తే చాలు.