టేప్ పట్టుకుని మీ అపార్ట్‌మెంట్ మెట్లు ఒకసారి చెక్ చేయండి

అగ్నిప్రమాదం అంటే కాలిపోవడమే అనుకుంటాం గానీ చాలామంది ప్రాణం తీసేది పొగ, ఆ పొగ పైకెక్కే దారి కూడా మన మెట్లే. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబర్‌లో అదే జరిగింది, కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు, పైన లాడ్జి, పొగ పైకి కమ్మేసి 8 మంది పోయారు. 2025 మేలో హైదరాబాద్ చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్ దగ్గర 17 మంది పోయారు, అక్కడ ఇరుకు దారే. అందుకే ఈ ఆదివారం ఒక గంట పెట్టుకుని, టేప్ తీసుకుని పై నుంచి కిందికి నడవండి.

ముందు టెర్రస్ తలుపు చూడండి. పోయినేడాది ఎండాకాలం రాత్రిపూట మా దగ్గర మీటర్ బోర్డులో షార్ట్ సర్క్యూట్ అయి పొగ లేచింది, మాది నాలుగో ఫ్లోర్, కిందకి దిగలేక పైకి పరిగెత్తితే తలుపుకి తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, ఆయనేమో ఊరెళ్ళాడు. పక్క ఫ్లాట్ మామ్మగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆ తలుపు దగ్గరే మెట్టు మీద కూలబడిపోయారు, ఆ దగ్గు నాకింకా చెవుల్లో ఉంది. పొగ తగ్గింది కాబట్టి బతికాం. మర్నాడే తాళం పీకేసి లోపలి నుంచి తీసుకునే గడియ పెట్టించాం. భవనాలు ఎలా కట్టాలో చెప్పే నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పేది కూడా ఇదే, బయటికెళ్ళే తలుపు తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. దొంగల భయం ఉంటే నెడితే తెరుచుకునే పానిక్ బార్ బిగించుకోండి, బయట నుంచి ఎవరూ రాలేరు.

ఇక మెట్లు కొలవండి. విడి ఇళ్ళకి వెడల్పు కనీసం ఒక మీటర్ ఉండాలి, అపార్ట్‌మెంట్లకి 1.25 మీటర్లు, హోటళ్ళు, స్కూళ్ళ లాంటి వాటికి ఒకటిన్నర మీటర్. మనం ఉండే ఇళ్ళల్లో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు, అంటే ఏడున్నర అంగుళాలు, పాదం పెట్టే చోటు 250కి తగ్గకూడదు, అంటే దాదాపు పది అంగుళాలు. అన్ని మెట్లూ ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నది తప్పకుండా చూడండి, మేస్త్రీ చివర్లో సర్దేసిన ఆ ఒక్క పొట్టి మెట్టు దగ్గరే చీకట్లో కాలు జారుతుంది. రెయిలింగ్ మీటర్ ఎత్తు, తల మీద ఖాళీ 2.2 మీటర్లు ఉండాలి.

కొలిచిన వెడల్పులోంచి చెప్పుల స్టాండు, పూలకుండీలు, పాత సైకిలు, ఖాళీ సిలిండరు ఆక్రమించిన చోటు తీసేసి లెక్క చూడండి, మిగిలిందే మీ అసలు దారి. మెట్ల కింద స్టోర్ రూమ్ ఉంటే ఖాళీ చేయించండి, మెట్ల వైపు గ్యాస్ పైపులు, కరెంటు షాఫ్ట్ తెరుచుకోకూడదని కోడ్‌లోనే ఉంది. మీటర్ బోర్డు పక్కనే స్కూటర్ చార్జింగ్ పెడుతున్నారా, అయితే వేరే చోటు చూపించి అక్కడి నుంచి మార్పించేదాకా వదలొద్దు, కాస్త గొడవ అయినా పర్లేదు.

15 మీటర్లు దాటిన బిల్డింగ్‌కి రెండు మెట్లదారులు ఉండాలి. లిఫ్ట్ లెక్కలోకి రాదు. రెండోది ఉన్నా మంట, పొగ ఆపడానికి పెట్టిన దాని ఫైర్ డోర్‌కి గాలి కోసమని ఇటుక అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారు చూడండి, అలా చేస్తే ఆ తలుపు ఉండీ లేనట్టే, పొగ నేరుగా లోపలికి వచ్చేస్తుంది, అది దానంతటదే మూసుకోవాలి. జనం ఎక్కువుండే హాల్స్‌లో తలుపులు బయటికే తెరుచుకోవాలి, తోపులాటలో లోపలికి లాగడం ఎవరి వల్లా కాదు.

ఇల్లు ఇంకా కడుతుంటే మెట్ల స్లాబ్ పోయకముందే ఇవన్నీ చూసుకోండి, కాంక్రీట్ పడ్డాక వెడల్పు పెంచడం కుదరదు. ఫ్లాట్ కొనేవాళ్ళు ఓసీ (బిల్డింగ్‌లో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్)తో పాటు ఫైర్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఫైర్ శాఖ ఇచ్చే కాగితం) కూడా అడగండి, బిల్డర్ తర్వాత ఇస్తానంటే ఆగండి.

చివరగా అసోసియేషన్‌కి చెప్పి, ఒక రాత్రి కామన్ లైట్ల స్విచ్ కట్టేసి, ఇంట్లో పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందిదాకా దిగండి. ఎమర్జెన్సీ లైట్ వెలగని చోటల్లా గోడ మీద సుద్దతో గుర్తు పెట్టండి, ఎలక్ట్రీషియన్‌కి పొద్దున్నే చూపించడానికి.