నన్నారి గ్లాసులోకి అద్దంలాంటి ఐసు

తిరుపతిలో ఎండలు ముదిరి ఇంటింటా నన్నారి షర్బత్ కలిపే రోజుల్లో, గ్లాసులో తేలే ఐసుముక్క నడుమ తెల్లటి మబ్బు కనిపిస్తే నీళ్లు మంచివి కావని అనుకోనక్కరలేదు. ట్రేలోని నీరు అన్ని వైపుల నుంచీ ఒకేసారి గడ్డకట్టడం వల్ల, అందులో కరిగి ఉన్న గాలి, లవణాలు బయటికి పోయే దారి లేక నడిమధ్యన చిక్కుకుపోతాయి. నీటిని రెండుసార్లు మరిగించి పోసినా మబ్బు కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు కాబట్టి, అందుకోసం గ్యాసు ఖర్చు చేయడం దండగని నా అభిప్రాయం.

చలి పైనుంచి మాత్రమే తగిలేలా చూడాలి. ఫ్రీజరులో పట్టేంత చిన్న థర్మోకోల్ పెట్టెలో సరిగ్గా ఇమిడే ప్లాస్టిక్ డబ్బా ఉంచి, అంచుకు రెండు వేళ్లు తక్కువగా తాగేనీళ్లు పోసి, మూత పెట్టకుండా ఫ్రీజరులో పెట్టాలి. అప్పుడు నీరు పైనుంచి కిందికి పొరపొరగా గడ్డకడుతూ, గాలినీ లవణాలనూ అడుగుకు నెట్టుకుంటూ పోతుంది. డబ్బా పరిమాణాన్ని బట్టి 18 నుంచి 24 గంటలు పట్టవచ్చు. అడుగున నాలుగో వంతు నీరు ఇంకా మిగిలి ఉండగానే గడ్డను బయటికి తీయడమే ఇందులోని అసలు కిటుకు, ఎందుకంటే మబ్బంతా ఆ నీటిలోనే ఉంటుంది.

తీసిన వెంటనే కత్తి పెడితే గడ్డ అడ్డదిడ్డంగా పగులుతుంది. పళ్లెంలో పది, పదిహేను నిమిషాలు ఉంచితే పైనున్న తెల్లటి నూగు కరిగి, వెనక పెట్టిన వేలి గీతలు కూడా కనిపిస్తాయి. అప్పుడు రంపపు పళ్ల కత్తితో గాటు పెట్టి, కత్తి వీపు మీద అప్పడాల కర్రతో మెల్లగా తడితే గడ్డ గాటు వెంబడే విడిపోతుంది.